గురువుగారు కూర్చోలేదు

గోవర్ధనానికి తన గురువుగారి మీద గౌరవం కొండంత ఉంది. ఆ కొండ పక్కనే చిన్న ఫిర్యాదు కూడా ఒకటి ఉంది. పదకొండేళ్ళుగా ఉంది. ఎవరికీ చెప్పుకోలేదు.

గురువుగారు ఎవరింటికి వెళ్ళినా ముందు కూర్చోరు. గోడ పక్కన ఉన్న బీరువానో, సామాన్ల స్టాండునో, టీవీ బల్లనో వెతుక్కుంటూ వెళ్ళి, పైన అరచెయ్యి వేసి మెల్లిగా తనవైపు లాగి చూస్తారు. అది కదలకపోతే "ఊఁ" అని వచ్చి కూర్చుంటారు. కదిలిందా, ఆ పూటకి వేదాంతం అంతే సంగతులు. "మర ఉందా? మేకుందా? కనీసం తీగముక్కన్నా ఉందా?" అని ఇంటాయన ప్రాణం తోడేస్తారు.

ఒకసారి చీరాలలో బట్టల కొట్టు వెంకటసుబ్బయ్యగారు జీవుడికీ దేవుడికీ ఉన్న సంబంధం ఏమిటో తేల్చుకుందామని గురువుగారిని ఇంటికి పిలిచాడు. గురువుగారు తిన్నగా వంటింట్లోకి వెళ్ళి, స్టీలు సామాన్ల స్టాండుని పట్టుకుని ఊపి, దాన్ని కిటికీ ఊచకి కట్టించేదాకా నోరు విప్పలేదు. వెంకటసుబ్బయ్యగారు పంచె ఎగగట్టి బిందెలు ఒక్కొక్కటే దింపాడు. జీవుడికీ దేవుడికీ ఉన్న సంబంధం ఈనాటికీ తేలలేదు.

గురువుగారి పేరు ఈశ్వరయ్య. ఆయనది పెద్ద పీఠం కాదు. మఠం లేదు, కాషాయం లేదు. చీరాల పక్కన నేతగాళ్ళ పేటలో రెండు గదుల ఇల్లు, ముందు గదిలో గుంట మగ్గం. నలభై ఏళ్ళు ఆ మగ్గం మీద చీరలు నేశారు. తన గురువు చెప్పిన బోధని తానూ నలుగురికీ చెబుతూ వచ్చారు. ఆదివారం పూట పదిమంది చేరితే మాట్లాడతారు. మాట్లాడేది తక్కువ. అడిగినదానికి జవాబు ఇంకా తక్కువ.

గోవర్ధనం బాపట్లలో కరెంటు ఆఫీసు గుమాస్తా. ప్రతి ఆదివారం పాసింజరు బండి ఎక్కి చీరాల వెళ్ళి, గురువుగారి నోట వెలువడిన ప్రతి మాటా నోటుపుస్తకంలోకి ఎక్కించేవాడు. పైన తారీఖు వేసి, కింద మాట రాసేవాడు. బోధ ఏమీ జరగని రోజున "ఈ రోజు ఉపదేశం లేదు" అని రాసి, దాని కింద ఎర్ర సిరాతో గీత గీసేవాడు. అట్లాంటివి ఏడు పుస్తకాలు పోగయ్యాయి, ఏడోది ఇంకా నడుస్తోంది. వాటికి గట్టి అట్టలు కట్టించి, వెన్ను మీద బంగారు రంగులో అంకెలు కూడా వేయించాడు.

గురువుగారి తరవాత ఈ బోధ చెప్పవలసినవాడు గోవర్ధనమే అని తోటి శిష్యులు అనుకునేవాళ్ళు. వాళ్ళు అలా అనుకోవడానికి గోవర్ధనం ఏనాడూ అడ్డు చెప్పలేదు.

ఇలా ఉండగా ఫిబ్రవరి నెలలో ఒక పాత క్లబ్బు వాళ్ళు తమ చదువుకునే గది మూసేస్తూ అందులోని పుస్తకాల బీరువాని అమ్మకానికి పెట్టారు. గోవర్ధనం దాన్ని చూసి మనసు పారేసుకున్నాడు. ఏడడుగుల ఎత్తు, ఐదడుగుల వెడల్పు. లోతు మాత్రం అడుగే. పైన తలుపుల్లేని ఐదు అరలు, అడుగున పక్కపక్కన రెండు సొరుగులు. నలుగురు మనుషులు మెట్ల దగ్గర నానా తిప్పలు పడి దాన్ని మేడ మీది వాటాకి చేర్చారు. నేల ముందుకి వాలుగా ఉందని ముందు కాళ్ళ కింద అట్టముక్కలు మడిచి దోపారు.

గోవర్ధనం దూరంగా నిలబడి చూసి, "ఇక ఇది ఇల్లు కాదు, ఆశ్రమం" అన్నాడు.

అతని భార్య సుభాషిణి దగ్గరగా నిలబడి చూసి, "ఇది ఊగుతోంది" అంది.

పుస్తకాలు సర్దడానికి గోవర్ధనం మూడు రోజులు సెలవు పెట్టాడు. సర్దడంలో అతనికొక నియమం ఉంది. ఎంత పవిత్రమైతే అంత ఎత్తున ఉండాలి. అన్నిటికన్నా పై అరలో గురువుగారి మాటలు ఏడు పుస్తకాలూ, వాటి పక్కనే భారతం పద్దెనిమిది పర్వాలూ పెట్టాడు. ఒక్కో పర్వం ఇటుకరాయంత ఉంది. దాని కింద అరలో రామాయణం, భాగవతం. ఆ కింద భాష్యాలు. ఇంకా కిందకి వచ్చేసరికి వారపత్రికలు, పాత డైరీలు. చిట్టచివర సొరుగుల్లో పాప బొమ్మలు. అంటే బరువంతా నెత్తిన, గాలంతా కాళ్ళ దగ్గర.

"బరువైనవి కింద పెడితే మంచిదేమో" అంది సుభాషిణి.

"భారతాన్ని తీసుకెళ్ళి కాళ్ళ దగ్గర పెట్టమంటావా? కళ్ళు పోతాయి" అని కసిరాడు గోవర్ధనం.

కళ్ళు పోవడం సంగతి అటుంచితే, ఆవిడకి కంటి మీద కునుకు పోయింది. పాప వకుళకి ఏడాదిన్నర. కొత్తగా ఎక్కడం నేర్చింది. మంచం ఎక్కింది, కుర్చీ ఎక్కింది, బియ్యం డబ్బా ఎక్కింది. ఇప్పుడు దాని చూపు సొరుగుల మీద పడింది. లాగితే చాలు, మెట్టు దానంతటదే వస్తుంది. సుభాషిణి పొయ్యి మీద కూర వదిలేసి రోజుకి పదిసార్లు పరిగెత్తి దాన్ని దింపేది.

"ఆ బీరువాని గోడకి బిగించండి. ఎన్నిసార్లు చెప్పను మీకు?"

"పిల్ల తొమ్మిది కిలోలు. బీరువా పుస్తకాలతో కలిపి నాలుగు బస్తాల బరువు. తొమ్మిది కిలోలు నాలుగు బస్తాల్ని పడేస్తాయా? కాస్త లెక్క చూసి మాట్లాడు."

ఆ లెక్కలో తప్పెక్కడుందో సుభాషిణికి చెప్పడం చేతకాలేదు. కానీ తప్పుందని తెలుసు. బీరువా ఊగినప్పుడల్లా తెలుస్తూనే ఉంది.

లెక్క సంగతి ఎలా ఉన్నా, అసలు కారణం వేరే. కింద వాటాలో ఇల్లుగలావిడ తులశమ్మగారు ఉంటారు. ఇల్లు అద్దెకిచ్చిన రోజున ఆవిడ తాళంచెవితో పాటు ఒకే ఒక్క మాట చేతిలో పెట్టారు. "గోడకి మేకు కొట్టారని తెలిసిందో, మర్నాడు సామాను లారీలో ఉంటది." ఆవిడ చెవులు పాము చెవులు. పైన కొబ్బరికాయ కొడితే కింద నుంచి "ఏం కొడుతున్నారు?" అని కేక. ఆ భయానికి గోవర్ధనం దేవుడి పటాన్ని కూడా గోడకి తగిలించకుండా కుర్చీలో కూర్చోపెట్టాడు. పదకొండేళ్ళు వేదాంతం చదివినవాడు ఇల్లుగలావిడకి భయపడతాడా అంటే, చదవనివాడికన్నా కాస్త ఎక్కువే భయపడ్డాడు.

బీరువా వచ్చిన వారంలోనే గోవర్ధనం సంబరంగా చీరాల వెళ్ళి గురువుగారికి చెప్పాడు. ఆయన మగ్గం గుంట అంచున కూర్చుని విన్నారు.

"ఎంత ఎత్తు?"

"ఏడడుగులండీ."

"గోడకి బిగించావా?"

"అబ్బే, దానికి అవసరం లేదండీ. నలుగురు మోసుకొచ్చారు. ఎక్కడికి కదులుద్ది?"

"బిగించు" అన్నారు గురువుగారు. ఆ పూటంతా మరో మాట మాట్లాడలేదు.

ఏప్రిల్ మొదటి ఆదివారం గోవర్ధనం మంచి ప్రశ్న ఒకటి తయారుచేసుకుని వెళ్ళాడు. మనసు ఎక్కడినుంచి పుడుతోంది? దారంతా దాన్నే నెమరు వేసుకున్నాడు. అడిగాడు.

"బీరువా బిగించావా?" అన్నారు గురువుగారు.

"ఇల్లుగలావిడ ఒప్పుకోదండీ."

"అడిగావా?"

గురువుగారు పక్కనే ఉన్న మగ్గం గుంజ మీద చెయ్యి వేశారు. "ఈ గుంజ భూమిలో పాతకుండా గుడ్డ నేసినవాణ్ణి నేను చూళ్ళేదు" అని, అటు తిరిగి దారపు ఉండ చుట్టుకోసాగారు.

జూన్ ఆఖరి ఆదివారం గోవర్ధనం ఇంకా చెప్పులు విప్పనేలేదు, గుమ్మంలోనే అడిగారు. "బిగించావా?"

"చూస్తానండీ."

"చూస్తా ఉండు, అది పడేదాకా" అని గురువుగారు విసురుగా లేచి లోపలికి వెళ్ళిపోయారు. మళ్ళీ బయటికి రాలేదు.

తిరుగు బండిలో గోవర్ధనానికి ఒళ్ళు మండిపోయింది. మోక్షం అడిగితే మేకులు చెబుతారు. ఆత్మ అడిగితే అరలు చెబుతారు. ఈ పదకొండేళ్ళూ ఏ వడ్రంగి దగ్గరో కూర్చుని ఉంటే, వాడన్నా పొద్దుపోక నాలుగు మంచి ముక్కలు చెప్పేవాడు కదా! అయినా అలవాటు ప్రకారం నోటుపుస్తకం తీసి, తారీఖు వేసి, రాయవలసింది రాసి, గీత గీశాడు.

అయితే వారం తిరక్కుండానే ఆ కోపం మాయమైంది. ఈసారి గురుపూర్ణిమ గోవర్ధనం ఇంట్లో చేద్దామని గురువుగారు కబురు పంపారు. కబురు తెచ్చిన వెంకటసుబ్బయ్యగారు ఇంకో మాట కూడా మోసుకొచ్చాడు. "ఈసారి ఆయన మాట్లాడరంట. నువ్వు మాట్లాడితే కూర్చుని వింటారంట."

గోవర్ధనం కాళ్ళు నేల మీద నిలవలేదు. గురువు కూర్చుని శిష్యుడి చేత చెప్పించుకోవడం ఆ పరంపరలో ఊరికే జరగదు. అట్లా జరిగిందంటే తరవాతి గురువెవరో తేలిపోయినట్టే. పది రోజులు ఏడో నోటుపుస్తకాన్ని ఆఫీసు ఫైళ్ళ కింద పెట్టుకుని, దాని చివరి పేజీల్లో ఉపన్యాసం రాసుకున్నాడు. కనిపించే ఈ జగత్తు అంతా మిథ్య అన్నది విషయం.

ఆ రోజు రానే వచ్చింది. ముందు గదిలో చాపలు పరిచారు. పాతిక మంది వచ్చి ఇరుగ్గా సర్దుకున్నారు. గురువుగారి కోసం చేతుల కుర్చీ వేసి, దాని మీద కొత్త తువ్వాలు పరిచి, ఆయన చూపు తిన్నగా బీరువా మీద పడేలా ఎదురుగా పెట్టాడు గోవర్ధనం.

గురువుగారు వచ్చారు. డెబ్బై ఆరేళ్ళ మనిషి, మేడ మెట్లు ఎక్కేసరికి మోకాళ్ళు పట్టేశాయి. కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చారు. అందరూ లేచి నిలబడ్డారు. ఆయన కుర్చీని దాటుకుని ముందుకి వెళ్ళిపోయారు.

"అయిపోయింది" అని గొణిగాడు వెంకటసుబ్బయ్యగారు.

గురువుగారు బీరువా అంచు మీద అరచెయ్యి వేసి మెల్లిగా లాగారు. పైభాగం రెండు వేళ్ళ మేర ముందుకి వచ్చింది. అరలో భారతం కిర్రుమంది. వదిలేస్తే వెనక్కి పోయి గోడకి ధన్‌మని తగిలింది. ఆయన కిందకి చూశారు. ముందు కాళ్ళ కింది అట్టముక్కలు అప్పడాల్లా నలిగిపోయి ఉన్నాయి.

గోవర్ధనం వైపు ఒకసారి చూశారు. వెనక్కి తిరిగి, బీరువా ఎడమ సగానికి వీపు ఆనించి, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డారు.

"గురువుగారూ, కుర్చీ ఇక్కడుందండీ."

"కనబడతానే ఉంది."

"కూర్చోండి మరి."

"నేను కూర్చుంటే దీన్నెవరు పట్టుకుంటారు?"

అందరూ నవ్వారు. గురువుగారు నవ్వలేదు. నవ్వు కాసేపటికి దానంతటదే ఆగిపోయింది.

పూలదండ తెచ్చారు. నిలబడే వేయించుకున్నారు. కాఫీ ఇచ్చారు. నిలబడే తాగారు. పాదపూజకి పళ్ళెం తెస్తే ఎడమ కాలు మాత్రం ముందుకి చాపారు.

"రెండో పాదం కూడా, గురువుగారూ."

"అది పనిలో ఉంది."

గోవర్ధనానికి తల ప్రాణం తోకకి వచ్చింది. పాతిక మంది ముందు పరువు పోతోంది. పది రోజుల ఉపన్యాసం చంకలోని నోటుపుస్తకంలో నలిగిపోతోంది. దగ్గరికి వెళ్ళి గొంతు తగ్గించి బతిమాలాడు. "రేపు తప్పకుండా బిగిస్తానండీ. ఒట్టు."

"మంచిది. అయితే రేపటిదాకా నిలబడతా" అన్నారు గురువుగారు. సుభాషిణి వైపు తిరిగి, "అమ్మాయ్, రాత్రికి నాకు కాస్త మజ్జిగన్నం చాలు. ఇక్కడికే తెచ్చి పెట్టు" అన్నారు.

సుభాషిణి వంటింటి గుమ్మంలో నిలబడి తల ఊపింది. ఐదు నెలల్లో ఆ బీరువా దగ్గర ఆవిడ కాక ఇంకో మనిషి కాపలా నిలబడటం అదే మొదలు.

"నువ్వు మొదలుపెట్టు, గోవర్ధనం. నిలబడ్డా చెవులు వినపడతాయి."

గోవర్ధనం గురువుగారి పక్కన నిలబడి నోటుపుస్తకం తెరిచాడు. "ఈ కనిపించే జగత్తు యావత్తూ మిథ్య" అని మొదలుపెట్టాడు. ఒక్కరూ అతనివైపు చూడటం లేదు. అందరి చూపులూ గురువుగారి మోకాళ్ళ మీద ఉన్నాయి. వెనక వరసలో ఒక ముసలావిడ "అయ్యో, పెద్దాయన" అని నిట్టూర్చింది. తాడు పాముగా కనిపించడం గురించి చెబుతున్నప్పుడు గురువుగారు ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చారు. గదిలో పాతిక మందీ ఆయనతో పాటు కదిలి కూర్చున్నారు.

గోవర్ధనానికి ఇక ఓపిక నశించింది. "గురువుగారూ, పడేదీ, పట్టుకునేదీ కూడా మిథ్యే కదండీ?"

"అయితే అయ్యుండచ్చు" అన్నారు గురువుగారు. "మోకాలి నొప్పి మటుకు నిజంలాగే ఉంది. నువ్వు కానీ."

ఎవరూ నవ్వలేదు. గోవర్ధనం కానిచ్చాడు.

వకుళ ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు. కూర్చున్నవాళ్ళ భుజాలు పట్టుకుని ఒక్కొక్కరినే దాటుకుంటూ బీరువా కుడివైపుకి చేరింది. సొరుగు లాగింది. బొమ్మ కోసం కాదు. పాదం అందులో పెట్టి, పై అర అంచు రెండు చేతులా పట్టుకుని, ఠీవిగా పైకి లేచింది.

సుభాషిణి గుమ్మంలోంచి ఒక్క ఉదుటున దూకింది. మధ్యలో పాతిక మంది కూర్చుని ఉన్నారు. "లెండి, తప్పుకోండి" అని అరిచింది. వాళ్ళు లేచేసరికి దారి ఇంకా మూసుకుపోయింది.

"గోవర్ధనం" అన్నారు గురువుగారు. గొంతు మామూలుగానే ఉంది గానీ మెడ నరాలు తేలాయి. "నేను కదల్లేను. పిల్లని తియ్యి."

గోవర్ధనం పక్కకి తిరిగి చూశాడు. గురువుగారి మడమలు చాప మీద జారుతున్నాయి. పై అరలోంచి శాంతిపర్వం ముందుకి వచ్చి, అతని చెవి పక్కనుంచి వెళ్ళి, కుర్చీ మీది కొత్త తువ్వాలు మీద దభీమని పడింది.

నోటుపుస్తకం వదిలేసి అతను ఒక చేత్తో పిల్లని అందుకున్నాడు, ఇంకో చేత్తో బీరువాని అడ్డుకున్నాడు. అప్పుడు మొదటిసారి దాని బరువు అతని చేతికి తెలిసింది. మోచెయ్యి మడత పడిపోయింది. భుజం ఆనించాడు. భుజమూ వెనక్కి పోయింది. వెంకటసుబ్బయ్యగారూ, ఇంకో ఇద్దరూ వచ్చి చేతులు వేశాక గానీ బీరువా వెనక్కి వెళ్ళి గోడకి ఆనలేదు.

వకుళకి ఇదంతా భలే ఆటగా ఉంది. మళ్ళీ ఎక్కించమని చేతులు చాపింది. సుభాషిణి వచ్చి దాన్ని లాక్కుంది. మొగుణ్ణి ఒక్క మాట అనలేదు. అంటే బాగుండుననిపించింది గోవర్ధనానికి.

ఎదురుగా కుర్చీలో శాంతిపర్వం వెల్లకిలా పడి ఉంది.

"ఎవరి దగ్గరన్నా డ్రిల్లింగు మిషను ఉందాండీ?" అని అడిగాడు.

ఎవరూ జవాబు చెప్పకముందే మెట్ల మీద కేక వినిపించింది. "ఏందా చప్పుడు? ఏం కొడుతున్నారు?"

తులశమ్మగారు గుమ్మంలోకి వచ్చారు. గోవర్ధనం రెండడుగులు వెనక్కి వేశాడు. అయినా చేతికి తెలిసిన బరువు ఇంకా పోలేదు.

"పిన్నిగారూ, ఈ బీరువా గోడకి బిగించుకోవాలి. రెండు చిల్లులు పడతయ్. తరవాత ఖాళీ చెయ్యమంటే చేస్తాను."

తులశమ్మగారు బీరువా చూశారు. గురువుగారిని చూశారు. "ఆ పెద్దాయన్ని అట్టా నిలబెట్టారేందయ్యా?"

"మీ గోడకి చిల్లు పడకూడదంటగా తల్లీ" అన్నారు గురువుగారు. "అందుకని నన్ను పెట్టారు."

ఆవిడ సుభాషిణి చంకలోని పిల్లని చూశారు. తెరిచి ఉన్న సొరుగుని చూశారు. మొహం ఎర్రబడింది.

"ఏందయ్యా గోవర్ధనం, నువ్వెప్పుడన్నా వచ్చి అడిగావా నన్ను? మీ ముందు అద్దెకున్నోళ్ళు కాలెండర్లకని నలభై మేకులు కొట్టి గోడంతా పెచ్చులు లేపారు. అందుకని మేకులొద్దన్నా. పిల్ల మీద బీరువా పడేట్టుంటే వద్దంటానా? నేనేమన్నా రాక్షసినా?" అని ఎడాపెడా వాయించి, మెట్ల వైపు తిరిగి, "ఏమండీ! ఆ మిషను తీసుకుని పైకి రండి!" అని కేకేశారు.

ఆ తరవాత గురుపూర్ణిమ వేరే రకంగా జరిగింది. వెంకటసుబ్బయ్యగారు గోవర్ధనం సైకిలు మీద హార్డువేరు షాపుకి పోయి ఎల్ ఆకారం ఇనప పట్టీలూ, పొడుగాటి మరలూ, ప్లాస్టిక్ ప్లగ్గులూ తెచ్చాడు. శిష్యులు వరసగా నిలబడి పుస్తకాలు దింపారు. తులశమ్మగారి భర్త కళ్ళజోడు పైకి తోసుకుని గోడని వేలి కణుపుతో తట్టుకుంటూ పోయాడు. "ఇక్కడ కాదు, ఇది ఉత్త పూతే. ఇక్కడా కాదు. ఆఁ, ఇక్కడ ఇటుకుంది."

గురువుగారు వీపు తియ్యలేదు. నిలబడ్డచోటు నుంచే తల తిప్పి చెప్పారు. "వెనక పలకకి బిగించమాక. అది అట్టతో సమానం. పై చట్రానికి పట్టించు."

ఎర్రటి ఇటుక పొడి జలజలా రాలింది. తులశమ్మగారు ఆ పొడి పడకుండా కొంగు పట్టబోయి, నవ్వొచ్చి మానేశారు. రెండు పట్టీలూ బిగిశాయి. సుభాషిణి వచ్చి సొరుగులకి చిన్న గొళ్ళేలు కావాలంది. అవీ పడ్డాయి.

అప్పుడు గురువుగారు మెల్లిగా వీపు తీశారు. వెనక్కి తిరిగి, అరచెయ్యి వేసి లాగారు. రెండు చేతులా పట్టుకుని వెనక్కి వాలి బరువంతా వేసి లాగారు. బీరువా కదల్లేదు.

"ఊఁ" అన్నారు.

పుస్తకాలు మళ్ళీ సర్దాలి. గోవర్ధనం భారతం కట్ట ఎత్తుకుని, అడుగు అర ముందు వంగి, అక్కడే ఆగిపోయాడు. "కాళ్ళ దగ్గరాండీ?"

"ఎవరి కాళ్ళు?" అన్నారు గురువుగారు.

అడుగు అర ముందు వకుళ కూర్చుని ఉంది. ఖాళీ అరలో రెండు చేతులూ పెట్టి చప్పుడు చేస్తోంది. గోవర్ధనం భారతాన్ని ఒక్కో పర్వమే దాని చేతుల పక్కన పేర్చాడు. అది అట్టల మీద దరువు వేసింది.

ఆరు పుస్తకాలు మిగిలాయి, బంగారు అంకెలవి. "ఇవి, గురువుగారూ?"

"వాటికేం, పైనే ఉండనీ. పెద్ద బరువు లేవులే."

గోవర్ధనం వాటిని పైన పెట్టాడు.

తులశమ్మగారు మిషను చంకన పెట్టుకుని దిగుతూ మొగుడితో అంటున్నారు. "మన టీవీ బల్ల సంగతి కూడా చూడండి. మనవరాలొచ్చిందంటే దానికే వేలాడుద్ది."

గురువుగారు శాంతిపర్వాన్ని ఒళ్ళో పెట్టుకుని, కుర్చీలో కూలబడ్డారు. వచ్చిన రెండు గంటలకి కూర్చోవడం. మోకాళ్ళు రెండూ రుద్దుకున్నారు.

"ఇప్పుడు మాట్లాడు. కూర్చుని వింటా" అన్నారు.

అందరూ మళ్ళీ చాపల మీద సర్దుకున్నారు. గోవర్ధనం కింద పడి ఉన్న ఏడో పుస్తకం తీసుకున్నాడు. ఇటుక పొడి దులిపాడు. తన ఉపన్యాసం కోసం పేజీలు తిప్పాడు. తిప్పుతూ ఒకచోట ఆగాడు. వెనక్కి తిప్పాడు. ఇంకా వెనక్కి తిప్పాడు.

ఎవరో దగ్గారు.

"ఫిబ్రవరి పద్దెనిమిది, ఆదివారం" అని చదివాడు. "ఈ రోజు ఉపదేశం లేదు."

పేజీలు తిప్పాడు. "ఏప్రిల్ ఏడు, ఆదివారం. ఈ రోజు ఉపదేశం లేదు."

ఇంకో పేజీ తీశాడు. వంటింటి గుమ్మంలో సుభాషిణి పిల్లని చంకనేసుకుని అతన్నే చూస్తోంది.

"జూన్ ముప్పై, ఆదివారం" అన్నాడు. తరవాతి మాట చదవడానికి కొంచెం సేపు పట్టింది. చదివాడు. పుస్తకం మూసి, అందరితో పాటు చాప మీద కూర్చున్నాడు.

వకుళ ఏదో పాడుకుంటోంది.

"బాగా మాట్లాడావు" అన్నారు గురువుగారు. "అమ్మాయ్, ఇక వడ్డించు."